కావలి గ్రౌండ్ నుంచి ఇంటర్ యూనివర్సిటీ దాకా: నేను డిస్కస్ నేర్చుకున్న తీరు

మాది కందుకూరు దగ్గర పల్లె, పొగాకు రైతు కుటుంబం. బ్యారన్‌లో, అంటే పొగాకు కాల్చే కొట్టంలో, కట్టె వేయడం, ఆకు దింపడం, బేళ్లు ట్రాక్టర్ మీదికి ఎత్తడం చిన్నప్పటి నుంచీ చేసిన పనులే. డిగ్రీకి కావలి వచ్చేసరికి భుజాలు గట్టిపడి ఉన్నాయి. కాలేజీలో చేరిన కొత్తల్లోనే పీడీ సారు నన్ను ఆపి, "షాట్ వేస్తావా, డిస్కస్ వేస్తావా అబ్బాయ్?" అని అడిగింది ఆ భుజాలు చూసే. షాట్ అంటే ఇనుప గుండు, డిస్కస్ అంటే పళ్లెంలా ఉండే బరువు, రెండూ దూరం విసిరేవే. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే జూనియర్లు కూడా ముందు చెయ్యి మడిచి కండ చూపిస్తారు. డిస్కస్‌ని దూరం పంపేది చెయ్యి కాదు, కాళ్లూ నడుమూ అని వాళ్లకు చెబితే తలూపుతారు గానీ నమ్మరు. నేనూ వెంటనే నమ్మలేదు. మా వైపు ఈ ఆట నేర్పేవాళ్లు తక్కువ, నేర్చుకోవాలనే పిల్లలు మాత్రం ఊరూరా ఉన్నారు. వాళ్ల కోసం నేను ఎలా నేర్చుకున్నానో రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. మగపిల్లలకు అండర్ 18లో 1.5 కిలోలు, అండర్ 20లో 1.75, ఆ పైన 2 కిలోలు. ఆడపిల్లలకు అండర్ 18 నుంచి సీనియర్ దాకా ఒకటే, 1 కిలో. యూనివర్సిటీ మీట్లలో మాత్రం మగవాళ్లందరికీ 2 కిలోలే, పద్దెనిమిదేళ్లు అప్పుడే నిండినా సరే. స్కూల్లో నేను వేసింది 1.5 కిలోల రబ్బరు డిస్కస్. అర కిలోనే కదా తేడా అనిపిస్తుంది. కానీ పెద్ద డిస్కస్ వెడల్పు కూడా ఎక్కువ, దాదాపు 22 సెంటీమీటర్లు. వేళ్ల కొసలకు అది అందీ అందనట్టు ఉంటుంది. మొదటి రోజు ఉన్న బలమంతా పెట్టి విసిరితే గాలిలో గిలగిలా కొట్టుకుంటూ వెళ్లి 27 మీటర్ల దగ్గర అంచు మీద పడింది. సారు టేపు చుట్టేసి, డిస్కస్ నా చేతిలోంచి తీసుకుని, "రేపటి నుంచి విసరొద్దు. దొర్లించు" అన్నారు.

అలా చాలా వారాలు దొర్లించడమే నా పని. డిస్కస్‌ని గట్టిగా పట్టుకోకూడదు. నాలుగు వేళ్ల చివరి కణుపుల మీద అంచు ఆని ఉంటుంది, బొటనవేలు పక్కన ఊరికే తోడుంటుంది. చెయ్యి ఊగుతున్నంతసేపూ ఆ ఊపే డిస్కస్‌ని పడిపోకుండా ఉంచుతుంది. వదిలేటప్పుడు చిటికెన వేలి వైపు నుంచి జారుతూ వచ్చి చివరికి చూపుడు వేలి మీదుగా బయటికి పోవాలి. కుడిచేతి వాళ్లకు పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు అది తిరుగుతుంది. ఆ తిరుగుడే దాన్ని గాలిలో బల్లపరుపుగా నిలబెడుతుంది. నేలమీద గీత గీసి, దాని వెంబడి డిస్కస్ పక్కకు ఒరగకుండా నిలువుగా దొర్లేలా వదలడం మొదటి పాఠం. పైకి ఎగరేసి చూడడం రెండో పాఠం. చూపుడు వేలి కొస పగిలి రక్తం వచ్చింది, తర్వాత అక్కడే కాయ కాసింది. ఇప్పటికీ ఉంది.

దాని తర్వాత స్టాండింగ్ త్రో, అంటే తిరగకుండా నిలబడిన చోటు నుంచి వేయడం. నా అసలు ఇబ్బంది బయటపడింది ఇక్కడే. బేళ్లు ఎత్తిన అలవాటు కొద్దీ ఏ బరువు చూసినా నా చెయ్యే ముందు కదిలేది. డిస్కస్‌కి కావాల్సింది సరిగ్గా దానికి ఎదురు. కుడి పాదం ముందు తిరగాలి, తర్వాత మోకాలు, తర్వాత నడుము, తర్వాత రొమ్ము, అందరి తర్వాత చెయ్యి. సారు తన మెడలోని తువ్వాలు తీసి కుళాయి కింద తడిపి గాలిలో విదిలించి చూపించారు. "పిడికిలి ముందు పోతుంది, కొస ఆఖర్న వస్తుంది. కొసకే చప్పుడు. నీ చెయ్యి ఆ కొస. దాన్ని తొందరపెట్టమాక." ఈ ఒక్క మాట మీదే నా మూడేళ్ల ప్రాక్టీసంతా నడిచింది అంటే అతిశయోక్తి కాదు. చెయ్యి ఆగాలి. వొంట్లో ఉన్న తొందరంతా చెయ్యి ముందుకు పొమ్మంటుంది, అప్పుడే ఆగాలి. దీన్ని అద్దం ముందు చేశాను, హాస్టల్ వరండాలో చేశాను, చేతిలో ఏమీ లేకుండా చేశాను.

ఆ తర్వాత తిరగడం. సర్కిల్ అంటే డిస్కస్ వేసేవాడు దాటకూడని గుండ్రటి చోటు. దాని వెనక భాగంలో వీపు మైదానం వైపు పెట్టి నిలబడతాం. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు తిరిగి ముందు అంచుకు చేరాలి. బరువు ఎడమ పాదం మునివేళ్ల మీదికి తీసుకుని, కుడి కాలు వెడల్పుగా తిప్పి, సర్కిల్ మధ్యలోకి చిన్న గెంతు. కుడి పాదం మధ్యలో దిగుతూనే ఇంకా తిరుగుతూ ఉండాలి, మడమ నేలకు ఆనకూడదు. ఎడమ పాదం వీలైనంత త్వరగా ముందు అంచు దగ్గర దిగి గట్టిగా నిలబడాలి. ఎడమ పక్క అంతా గోడలా ఆగితేనే కుడి పక్క వేగం డిస్కస్‌లోకి పోతుంది. కళ్లతో చూస్తే ఒకటిన్నర సెకను పని. మేము దాన్ని ముక్కలు చేసి, సున్నంతో గీసిన గీత మీద, డిస్కస్ లేకుండా, చెట్టు కొమ్మ పట్టుకుని, తల మీద చేతులు పెట్టుకుని నేర్చుకున్నాం. సాయంత్రం క్రికెట్ ఆడేవాళ్లు చాలాసేపు చూసి, "ఏంది మామా, డాన్సా?" అని అడిగేవాళ్లు. వాళ్లలో ఒకడు తర్వాత మాతోపాటు హ్యామర్ నేర్చుకున్నాడు.

గీత మీద నేర్చుకున్నది మట్టి నేల మీద సరిగా రాదు. మట్టిలో పాదం తిరగదు, గుంట పడుతుంది, మోకాలు మెలిక పడుతుంది. మాకు సిమెంటు సర్కిల్ కావాలి. లేదు. అడగగా అడగగా ఒక మూల స్థలం వాడుకోవడానికి ఒప్పుకున్నారు, ఖర్చు మాదే. అథ్లెటిక్స్ పిల్లలం తలా కొంత వేసుకున్నాం, సారు సగం ఇచ్చారు. వెల్డింగ్ షాపులో ఇనుప పట్టీ వంచి లోపలి కొలత సరిగ్గా 2.5 మీటర్లు వచ్చేలా చేయించాం. షాట్‌పుట్ సర్కిల్ 2.135 మీటర్లు, రెంటికీ ఒకటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు. లోపలి సిమెంటు నేల పట్టీ పై అంచుకన్నా దాదాపు 2 సెంటీమీటర్లు పల్లంలో ఉండాలి. వాననీళ్లు పోవడానికి అంచున ఒక చిన్న తూము.

సిమెంటు వేయడానికి మా ఊరి మేస్త్రీని పిలిపించాను. వరసకు బాబాయ్ అవుతాడు. కాంక్రీటు పరిచి, మట్టం చూసి, ఆఖర్న సిమెంటు పాలు పోసి తాపీతో నున్నగా రుద్దబోయాడు. వద్దన్నాను. "నున్నగా లేకపోతే ఇంక నా పనితనం ఏముంది అబ్బయ్యా?" అని నిజంగానే బాధపడ్డాడు. నున్నగా ఉంటే మంచు పడ్డ పొద్దున కాలు జారి నడుం విరుగుతుంది, మరీ గరుకైతే పాదం తిరగదు, అరికాలు తోలు ఊడుతుంది. ఈ రెండింటి మధ్య కావాలని ఆయనకు బోధపరచడానికి నేను అక్కడే పాత బూట్లు వేసుకుని పక్కన ఎండిన గచ్చు మీద తిరిగి చూపించాను. ఆయన కాసేపు నా పాదం వంకే చూసి, మెత్తని చీపురు తెప్పించి, తడి మీద ఒకే దిక్కుగా తేలిగ్గా లాగాడు. ఆ సర్కిల్ ఇంకా అలాగే ఉంది. నేను తర్వాత చూసిన మంచి మంచి స్టేడియాల సర్కిళ్లకు అది ఏమీ తీసిపోదు.

సెక్టార్, అంటే డిస్కస్ పడాల్సిన హద్దు, గీయడం సులువు, ఈ లెక్క తెలిస్తే చాలు. కోణం 34.92 డిగ్రీలు అని పుస్తకంలో ఉంటుంది. కోణం కొలవక్కర్లేదు. సర్కిల్ కేంద్రం నుంచి రెండు గీతల మీద 20 మీటర్ల దగ్గర గుర్తులు పెడితే, ఆ గుర్తుల మధ్య 12 మీటర్లు ఉండాలి. టేపూ నాలుగు మేకులూ ఉంటే ఏ ఊరి గ్రౌండ్‌లోనైనా వేసుకోవచ్చు.

సర్కిల్ చుట్టూ రక్షణకు కట్టే వల, అదే కేజ్, మాత్రం మా వల్ల కాలేదు. వల, స్తంభాలు అన్నీ కలిపితే మా చేతికి అందే ఖర్చు కాదు. కేజ్ లేకుండా డిస్కస్ వేయడం ప్రమాదం, ఇందులో రెండో మాట లేదు. కుడిచేతి వాడు తొందరగా వదిలితే కుడివైపు, ఆలస్యంగా వదిలితే ఎడమవైపు పోతుంది. 2 కిలోల ఇనుప అంచు మనిషికి తగిలితే ప్రాణం పోతుంది. అందుకని ఇంకా చీకటి ఉండగానే గ్రౌండ్‌కి వెళ్లి కాళ్ల డ్రిల్స్ చేసేవాళ్లం. వాకింగ్ వాళ్లు వెళ్లిపోయి, గ్రౌండ్ ఖాళీ అయ్యాకే డిస్కస్ తీసేవాళ్లం. ప్రతి త్రోకి ముందు ఒకడు ఈల వేయాలి, అందరూ వేసేవాడి వెనక్కి రావాలి, అందరివీ పడ్డాకే తెచ్చుకోవడానికి వెళ్లాలి. గేదెలు వస్తే ఆపేయడమే. ఈ కట్టుబాటు సారు ఒక్కరోజు కూడా సడలించలేదు. ఇది చదివి ఎవరైనా సొంతంగా మొదలుపెడితే మిగతావన్నీ మరిచినా దీన్ని మరవొద్దు.

బలం అక్కర్లేదని నేను అనడం లేదు. కావాల్సిన బలం వేరు. జిమ్‌లో చెయ్యి కండలు పెంచే పనులు సారు దాదాపు మాన్పించేశారు. స్క్వాట్లు, క్లీన్, స్నాచ్, డెడ్‌లిఫ్ట్, మెడిసిన్ బాల్‌ని నడుము తిప్పి గోడకు కొట్టడం, ఇవే. ఊళ్లో పని లేని ఆదివారం పొద్దున్నే తుమ్మలపెంట తీరానికి సైకిళ్ల మీద వెళ్లి ఇసుకలో గెంతులు, చిన్న పరుగులు. ఇసుకలో గెంతితే మోకాలికి దెబ్బ తక్కువ, పిక్కకు పని ఎక్కువ. తిండి ఇంటి నుంచే: వేరుశనగలు, నానబెట్టిన పెసలు, గుడ్లు, పెరుగు. హాస్టల్ అన్నం, పప్పు మీద అమ్మ పంపిన డబ్బా. చేపలు దొరికిన రోజు చేపలు.

జిమ్‌లో ఒకాయన ఒకసారి పక్కకు పిలిచి, ఒక సూది వేసుకుంటే రెండు నెలల్లో ఐదు మీటర్లు పెరుగుతాయని చెప్పాడు. నాకు కోపం వచ్చింది. యూనివర్సిటీ స్థాయి పోటీల్లో కూడా నాడా వాళ్లు (ఇలాంటి మందులు వాడినవాళ్లను పట్టుకునే జాతీయ సంస్థ) వచ్చి మూత్రం శాంపిల్ తీసుకోవచ్చు, దొరికితే ఏళ్లకు ఏళ్లు నిషేధం. అది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, నా పాదం ఇంకా సరిగా తిరగడం లేదన్న సంగతి ఏ సూదీ దిద్దదు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఈ సూదులు, డబ్బాలపై పేరు కూడా లేని పౌడర్లు అంటగట్టేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బూట్ల గురించి ఒక మాట. డిస్కస్ బూట్లకు స్పైకులు ఉండవు, అడుగు చదునుగా నున్నగా ఉంటుంది. కొత్తవి కొనలేను. గుంటూరులో ఆట మానేసిన ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌వి దొరికాయి, అర అంగుళం పెద్దవి. ముందు దూది కుక్కుకున్నాను.

ఇంట్లో పోరు బూట్లకన్నా పెద్దది. మా పనులన్నీ డిసెంబరు నుంచి మార్చి దాకా బ్యారన్ చుట్టూనే. పోటీలూ ఇంచుమించు అప్పుడే. నాయన ఒకసారి ఫోన్లో, "ఆ పళ్లెం ఇసిరితే నీకేం వచ్చిద్దిరా? ఇక్కడ మనిషికి కూలి ఎంతయిందో తెలుసా?" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. ఆకు కాలే రోజుల్లో మంట ఒక్క గంట తగ్గినా రంగు పోతుంది, రంగు పోతే వేలంలో ధర పోతుంది. కాబట్టి శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరెళ్లి రెండు రాత్రులు బ్యారన్ దగ్గర నేను కాపలా ఉండేట్టు, సోమవారం తెల్లవారుజామున కావలి వచ్చేట్టు ఒప్పుకున్నాను. రాత్రి థర్మామీటరు చూస్తూ, కట్టె వేస్తూ, మధ్యలో బ్యారన్ ముందు గచ్చు మీద టర్నులు తిరిగేవాణ్ణి. ఒక రాత్రి నాయన మంచం మీద నుంచే చూసి, "ఎడం కాలు లేటుగా పడతా ఉంది" అన్నాడు. ఆయనకు ఎవరూ ఏమీ నేర్పలేదు. చూసి చెప్పాడు. సారు అదే మాట అప్పటికి చాలాసార్లు చెప్పి ఉన్నారు.

మొదటి ఏడాది విక్రమ సింహపురి యూనివర్సిటీ అంతర్ కళాశాలల మీట్‌లో 34 మీటర్లు దాటాను, పతకం రాలేదు. రెండో ఏడాది 41తో మొదటి స్థానం వచ్చింది. ఆ తర్వాత చాలా నెలలు అక్కడే ఆగిపోయాను. ఎంత బరువు ఎత్తినా 41, 42. ఈ ఆటలో చాలామంది వదిలేసేది ఈ దశలోనే అని నా నమ్మకం. బయటికి ఏమీ కనపడదు, లోపల మాత్రం పని జరుగుతూ ఉంటుంది. నాకు దారి చూపించింది గాలి.

కావలిలో ఎండాకాలం పొద్దున పడమటి గాలి, మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి. మా సెక్టార్ తూర్పు వైపు చూస్తుంది. పరుగుకీ లాంగ్‌జంప్‌కీ వెనక గాలి లాభం, డిస్కస్‌కి ఎదురుగాలి లాభం. పళ్లెం కిందికి దూరి దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. 1986 నుంచి యుర్గెన్ షుల్ట్ పేరు మీద ఉన్న 74.08 మీటర్ల ప్రపంచ రికార్డును 2024లో లిథువేనియా కుర్రాడు మికోలస్ అలెక్నా 74.35తో దాటింది అమెరికాలోని రమోనా అనే ఊళ్లో, గాలి బాగా వీచే మైదానంలో. మరుసటి ఏడాది అక్కడే 75.56 వేశాడు. వాళ్ల నాన్న 2000లో, 2004లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవాడు. గాలి ఒక్కటే అంత దూరం పంపదు, గాలిని వాడుకునే చెయ్యి కావాలి. ఎదురుగాలిలో డిస్కస్ ముక్కు కొంచెం పైకి లేచినా అది నిటారుగా నిలబడి అక్కడే కూలిపోతుంది. తక్కువ ఎత్తులో, బల్లపరుపుగా, ఎక్కువ తిరుగుడుతో వదలాలి. అలా వదలాలంటే చెయ్యి వెనకే ఆగి ఉండాలి, నడుము ముందు పోవాలి. అంటే సారు తువ్వాలుతో చెప్పిందే. సాయంత్రాలు సముద్రం గాలికి ఎదురు వేయడం మొదలుపెట్టాక నా చెయ్యి తొందరపడిన ప్రతిసారీ గాలే దండించేది, డిస్కస్ ముప్పైల్లో కూలేది. ఆ ఎండాకాలం చివరికి 45 వచ్చింది. గాలి లేని పొద్దున వేసినా 44 తగ్గలేదు.

మూడో ఏడాది యూనివర్సిటీ జట్టులో ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీకి వెళ్లాను, కర్ణాటకలోని మూడబిద్రికి. కావలి నుంచి చెన్నై, అక్కడ మంగుళూరు మెయిల్. జనరల్ బోగీలో నా డిస్కస్ సంచి చూసి ఒక పెద్దాయన పళ్లాలు అమ్ముకునేవాణ్ణి అనుకున్నారు. చెప్పాక చేతిలోకి తీసుకుని బరువు చూసి, వికాస్ గౌడ తెలుసా అని అడిగారు. మన దేశం తరఫున డిస్కస్ వేసినవాడు, మైసూరులో పుట్టినవాడు, 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2012లో 66.28 మీటర్లు. ఆ అంకె నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఆయనకు కూడా వచ్చు. నాకు చాలా సంతోషమైంది.

పోటీలో అందరికీ మూడు త్రోలు, వాటిలో మొదటి ఎనిమిది మందికి మరో మూడు. సింథటిక్ ట్రాక్, చుట్టూ ఎత్తైన కేజ్, నాకన్నా అరడుగు ఎత్తున్న హర్యానా, పంజాబ్ కుర్రాళ్లు. టెన్షన్‌తో అరచేతులు చెమట పట్టాయి. సారు ముందే చెప్పి పెట్టారు: మొదటి త్రో ముప్పావు బలంతో, కాళ్లు మాత్రం పూర్తిగా. అలాగే వేశాను, 45.90. పెద్ద బలంతో మొదలుపెట్టిన కొందరికి వరసగా ఫౌళ్లు పడ్డాయి. డిస్కస్ నేలను తాకేదాకా సర్కిల్లోనే ఉండాలి, వెనక సగం నుంచే బయటికి రావాలి, పట్టీ పై అంచును పాదం తాకకూడదు. మూడు రౌండ్లు అయ్యేసరికి నా పేరు ఎనిమిదో స్థానంలో ఉంది. చివరి మూడింటిలో ఒకటి 47.12 పడింది. దాంతో ఏడో స్థానం. పతకాలు గెలిచిన ముగ్గురూ 50 దాటించారు. వాళ్లు వేస్తుంటే నేను డిస్కస్‌ని చూడలేదు, వాళ్ల ఎడమ పాదాన్ని చూశాను. కుడి పాదం దిగిన మరుక్షణమే అది దిగుతోంది. నాది ఇంకా ఆలస్యం.

నాయనకు ఫోన్ చేసి ఏడో స్థానం అన్నాను. "దేశం మొత్తంలోనా?" అన్నాడు. అవునన్నాను. కాసేపాగి, బ్యారన్‌కి ఆ వారం తను మనిషిని పెట్టుకుంటాలే, తొందరపడి రావద్దు అన్నాడు.

ఇప్పుడు పీజీ చేస్తూ అదే సర్కిల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. స్పోర్ట్స్ కోటాలో రైల్వేకి, పోలీసుకి దరఖాస్తులు పెడుతున్నాను. సారు సలహాతో ఎడమ కాలికి వేరే డ్రిల్ మొదలుపెట్టాం: గెంతు లేకుండా, మధ్య నుంచి ముందుకు, పాదాలు రెండూ ఒకదాని వెంట ఒకటి టకటకా దిగేలా, ఫోన్‌లో స్లో మోషన్ తీసుకుని చూసుకుంటూ. పొద్దున జూనియర్లు ఐదారుగురు వస్తున్నారు, ఇద్దరు అమ్మాయిలు కూడా. వాళ్లకు 1 కిలో డిస్కస్‌లు రెండు కొన్నాం. ప్రస్తుతానికి దొర్లిస్తున్నారు.